తొలకరి రాత్రి వేపచెట్టు కింద

రోహిణి కార్తెలో గట్టి వాన ఒకటి పడిందంటే ఆ సాయంత్రం మా తాండాలో ఎవరూ తొందరగా పడుకునేవాళ్లు కాదు. మసక చీకటి పడే వేళకు చేలల్లో నేల కదిలినట్టు ఉండేది. తడిసిన ఎర్రమట్టిలోంచి ముదురు గోధుమరంగు పెంకు పురుగులు వేలకొద్దీ పైకొచ్చి, రొద చేస్తూ గట్ల మీది వేపచెట్లకు, రేగుచెట్లకు, ఇళ్ల దగ్గరి మునగచెట్లకు ఎగిరేవి. రాత్రంతా ఆకు తినేవి. తెల్లవారేసరికి ఒక్కటీ కనిపించేది కాదు. అన్నీ మళ్లీ మట్టిలోకి దిగిపోయేవి.

మా చిన్నతనంలో ఆ రాత్రి మాకు పండుగలా ఉండేది. పెద్దవాళ్లు లాంతర్లు పట్టుకుని చెట్టు కింద పాత దుప్పట్లు పరిచేవాళ్లు. ఒకరు కొమ్మ పట్టుకుని దులిపితే పురుగులు టపటపా రాలేవి. వాటిని ఎత్తి కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లో పోయడం మా పిల్లల పని. ఎవరి చెట్టు, ఎవరి చేను అని అడిగేవాళ్లు లేరు. "ఈ పొద్దు ఏరకపోతే భాద్రపదంలో ఏడుస్తారు" అని మా యాడి అనేది. ఆ మాట అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. పెంకు పురుగుతో మన కుటుంబాలు చేసిన పోరాటం మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎద్దుల బిడారు నుంచి ఎర్రనేల చేనుకు

మన సుగాలీలు మొదటినుంచీ సేద్యగాళ్లు కారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను పీఠభూమి అంతా తిరిగిన బిడారు వర్తకులు. 1791-92లో కారన్‌వాలీస్ సైన్యం టిప్పు మీదికి శ్రీరంగపట్నం వెళ్లినప్పుడు దానికి గింజలు మోసింది బంజారా ఎద్దులే. సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి ప్రాంతంలోనే పుట్టారని మన పెద్దల నమ్మకం. గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు ఈనాటికీ నాలుగు రాష్ట్రాల నుంచి మనవాళ్లు వస్తారు.

గుత్తి, గుంతకల్లు మీదుగా రైలు పట్టాలు పడ్డాక ఎద్దుల బిడారుకు పని తగ్గింది. 1876-78 నాటి ధాత కరువు మనుషులతోపాటు పశువులనూ మింగింది. ఎద్దు లేని బంజారాకు వర్తకం ఎక్కడిది? అలా కొండల పక్కన, ఎవరికీ పట్టని గరుసు నేలల్లో తాండాలు నిలిచాయి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన కదిరి, తనకల్లు, నల్లమాడ వైపు తాండాల్లో చాలావరకు అలాంటి నేలే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా రావాల్సినప్పుడు రాదు.

ఆ నేలలో మన ముత్తాతలు ఒకే పంట వేయలేదు. కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న వేసి, సాళ్ల మధ్య కంది, అనుము, అలసంద వేసేవాళ్లు. ఇంటి వెనక పెరట్లో సొర, బీర, గుమ్మడి, చిక్కుడు, వంకాయ, మునగ ఉండేవి. చేను మగవాళ్లదని పేరు. పెరడు పూర్తిగా ఆడవాళ్లది. వాన చేనును ముంచినా, ఎండగట్టినా, కడిగిన పాత్రల నీళ్లతో పెరడు నాలుగు కాయలు ఇచ్చేది.

పురుగు అప్పుడూ ఉంది. అయితే దానికి ఒకేచోట ఒకే తిండి దొరికేది కాదు. వేసవిలో మడక దున్నితే బయటపడ్డ పిల్లపురుగుల కోసం కాకులు, గోరింకలు, కొంగలు మడక వెనకే నడిచేవి. మిగిలినదాన్ని తొలకరి రాత్రి మనుషులు ఏరేవాళ్లు.

శనక్కాయ వచ్చాక

1970ల తర్వాత అనంతపురం జిల్లా రూపం మారింది. వంటనూనెకు ధర ఉంది, మిల్లులు వచ్చాయి, అప్పు శనక్కాయకే దొరికింది. తిండి పంటకు చేతికి డబ్బు రాదు, శనక్కాయకు వస్తుంది. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. మాలో కొందరు చదువుకున్నది శనక్కాయ డబ్బుతోనే. అయితే 1990ల నాటికి ఉమ్మడి జిల్లాలో వేరుశనగ ఏడు లక్షల హెక్టార్లు దాటింది. కొర్ర, ఆరిక గట్టుదాటి వెళ్లిపోయాయి. గట్ల మీది చెట్లు చాలా చోట్ల పోయాయి.

శనక్కాయ వేరంటే ప్రాణమిచ్చే పురుగు ఒకటి ఆ నేలలోనే ఉంది. రైతులు దాన్ని వేరుపురుగు అంటారు. తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, ముట్టుకుంటే సున్నాలా చుట్టుకునేది అదే. తొలకరి రాత్రి వేపచెట్టు మీద వాలే పెంకు పురుగూ ఇదీ వేరు కాదు. ఒకటి తల్లి, ఒకటి బిడ్డ. ఈ సంగతి చాలామంది కుర్రవాళ్లకు తెలియదు. తెలియకపోతే చెట్టు మీది పురుగును వదిలేసి, చేలో వాడిన మొక్కను చూసి దిగులుపడతాం.

దాని బతుకు ఏడాదికి ఒక చుట్టు. తొలి వానకు పెంకు పురుగు పైకొస్తుంది, ఆకు తింటుంది, జతకడుతుంది. తర్వాతి రోజుల్లో ఆడపురుగు తడి మట్టిలో ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలాక పిల్లపురుగు మొదట మట్టిలోని కుళ్లిన ఆకూ అలమూ తింటుంది, ఎదిగాక వేరు కొరుకుతుంది. శ్రావణ, భాద్రపదాల్లో సాలులో వరసగా మొక్కలు వాడిపోతాయి. పట్టి లాగితే వేరు లేకుండా చేతికొస్తాయి. పంట కోతల నాటికి పురుగు లోతుకు దిగి కోశస్థ దశకు చేరుతుంది. పెంకు పురుగుగా మారాక కూడా పైకి రాదు. మళ్లీ తొలకరి దాకా మట్టిలోనే కదలకుండా ఉంటుంది.

అంటే ఏడాది పొడవునా అది మనకు అందని చోట ఉంటుంది. అందేది తొలి వానల తర్వాతి కొద్ది రాత్రులే, అదీ గుడ్లు పెట్టకముందు. ఒక ఆడపురుగు ఇరవై గుడ్లు పెడుతుందనుకున్నా, ఒక వేపచెట్టు కింద వంద ఆడపురుగులను ఏరితే రెండు వేల వేరుపురుగులను ఆపినట్టు. మా యాడి భాద్రపదం మాట చెప్పింది ఇందుకే. లెక్క రాయడం రాకపోయినా ఆమెకు లెక్క తెలుసు.

1990ల చివరి కాలంలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణ భారతదేశపు వేరుశనగ చేలల్లో వేరుపురుగులను వెతికారు. అనంతపురం వైపు ఎక్కువగా కనిపించే జాతిని హోలోట్రైకియా రేనాడి అంటారు. ఆ పేరు మన నోటికి తిరగకపోవచ్చు. పురుగు మాత్రం మనకు పాత పరిచయమే.

పొడులు వచ్చాయి, పోయాయి

శనక్కాయతోపాటు తాండాకు పొడులు వచ్చాయి. మొదట వచ్చింది బీహెచ్‌సీ. మనవాళ్లు గమాక్సిన్ అని పిలిచేవాళ్లు. చేలో చల్లారు, పెరట్లో చల్లారు, చీమలకు గుమ్మంలో చల్లారు. విత్తనాల కుండలో కూడా కలిపిన ఇళ్లు మాకు తెలుసు. చేతులతోనే కలిపేవాళ్లు. ఆ చేతులతోనే రొట్టె చేసుకునేవాళ్లు. తర్వాత ఆల్డ్రిన్, ఆ తర్వాత ఘాటు వాసన కొట్టే ఫోరేట్ గుళికలు.

ఇప్పుడు వాటి తర్వాతి కథ చూడండి. మన దేశంలో ఆల్డ్రిన్‌ను 1996లో నిషేధించారు. బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్ వాడకం 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఒకప్పుడు మంచిదని మన చేతికిచ్చిన మందు, ఒక తరం వాడాక విషమని వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్య కాలంలో వాటిని చేత్తో చల్లినవాళ్లు ఎవరు? ఎక్కువమంది కూలీలు, తాండావాళ్లు, ఆడవాళ్లు.

మందులన్నీ పనికిరావని చెప్పడం మా ఉద్దేశం కాదు. విత్తనశుద్ధి వల్ల వేరుపురుగు తగ్గిన చేలు మేము చూశాం. వేపచెట్టు ఏరడం వల్లే ప్రతి ఏడూ పంట దక్కిందని చెప్పడమూ అబద్ధమే. మేము చెప్పేది ఒకటే. పొడి సంచి వచ్చాక తొలకరి రాత్రి తాండా బయటికి రావడం మానేసింది. పొడిని ఎవరికి వాళ్లు కొనుక్కోవచ్చు. పురుగును ఎవరికి వాళ్లు ఏరలేరు. నా చెట్టు ఏరి నీ చెట్టు వదిలితే, నీ చెట్టు మీది పురుగు నా చేలోనే గుడ్డు పెడుతుంది. అందరూ కలిస్తే తప్ప కుదరని పని ఒకటి తాండాలోంచి పోయింది. దాంతోపాటు కలిసే అలవాటూ కొంత పోయింది. దాని స్థానంలో మందుల అంగడి అప్పు పుస్తకం వచ్చింది. అంగడిలో ఏ మందు అప్పు ఇస్తే అదే మన తెగులుకు మందయింది.

వేరే దేశాల్లో ఏం జరిగింది

ఈ తప్పులు మనం ఒక్కళ్లమే చేయలేదు. ఆస్ట్రేలియాలో చెరుకు వేరును మన వేరుపురుగుకు చుట్టమైన ఒక పెంకు పురుగు పిల్లలు తినేవి. 1935లో అక్కడివాళ్లు హవాయి దీవుల నుంచి సుమారు వంద పెద్ద కప్పలను తెచ్చి, వాటి పిల్లలను చెరుకు తోటల్లో వదిలారు. పురుగు ఉండేది చెరుకు పైన, లేదా మట్టి లోపల. కప్ప ఉండేది నేల మీద. పురుగు తగ్గలేదు. కప్పలు మాత్రం లక్షలై, వాటి ఒంట్లోని విషానికి అక్కడి పాములు, బల్లులు, చిన్న జంతువులు చచ్చాయి. ఇవాళ్టికీ ఆ దేశం ఆ కప్పలతో వేగుతోంది.

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో షెల్డన్ అనే ఊరి చుట్టూ 1954లో జపాన్ పెంకు పురుగు మీద విమానాలతో డీల్డ్రిన్ చల్లారు. పిట్టలు రాలిపోయాయి, పొలాల్లోని పిల్లులు చచ్చాయి. పురుగు మాత్రం ముందుకే పోయింది. రేచల్ కార్సన్ 1962లో అచ్చువేసిన 'సైలెంట్ స్ప్రింగ్'లో ఈ కథ ఉంది.

పురుగు ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు బయటికొస్తుంది, ఎప్పుడు గుడ్డు పెడుతుంది అన్న మూడు సంగతులు తెలియకుండా చేసే పని ఏదైనా అంతే. మన అవ్వలకు ఆ మూడూ తెలుసు.

మన రాష్ట్రాల్లోనే ఇంకో రకం కథ కూడా ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామంలో లంబాడీలే ఎక్కువ. పత్తి పురుగుకు మందులు కొట్టి అప్పుల్లో, ఆస్పత్రుల్లో పడ్డ ఊరది. 2000ల తొలి ఏళ్లలో ఊరంతా కలిసి వేపగింజల కషాయం, దీపపు ఎరలు, చేత్తో ఏరడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు ముందు నడిచారు. పురుగుమందు ఊర్లోకి రాకూడదని పంచాయతీ తీర్మానం చేసింది. ఆ పంట వేరు, ఆ పురుగు వేరు. కలిసి చేయడం మాత్రం మన తొలకరి రాత్రి లాంటిదే.

పెరట్లో మిగిలిన విద్య

చేలో పోయిన విద్య పెరట్లో కొంత మిగిలింది. ఎందుకంటే పెరటికి అంగడివాడు అప్పివ్వడు. ఆడవాళ్లు తమకు తెలిసినదాంతోనే నెట్టుకొచ్చారు. వాళ్ల దగ్గర మేము నేర్చుకున్నది, తర్వాత పుస్తకాల్లో సరిచూసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

గుమ్మడి, బీర, దోస మొలకెత్తిన వారంలోనే ఎర్రటి పెంకు పురుగు వాలుతుంది. లేత బద్దాకులను జల్లెడ చేస్తుంది. దాని పిల్లపురుగు మట్టిలో ఉండి వేరు తింటుంది. ఉదయం మంచు ఆరకముందే జల్లించిన పొయ్యి బూడిద ఆకుల మీద పలచగా చల్లుతారు. ఆ వేళకు పురుగు కూడా చలికి మందంగా ఉంటుంది కాబట్టి చేత్తో పట్టేయవచ్చు. మొక్క నాలుగైదు ఆకులు వేసిందాకా కాపాడితే తర్వాత తట్టుకుంటుంది. కాపు అయిపోయాక తీగ పీకి, పాదు తవ్వి ఎండబెట్టాలి.

మునగ మీద తొలకరిలో వాలేది వేరుపురుగు తల్లే. దాన్ని రాత్రే దులిపి ఏరాలి. దిబ్బలో కనిపించే లావుపాటి తెల్లపురుగులు చాలావరకు కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు పిల్లలు. దిబ్బను తిరగేస్తే కోళ్లే వాటి పని పడతాయి. పచ్చి పేడ పాదుల్లో వేయకుండా బాగా మాగిన ఎరువే వేయాలి.

వంకాయ ఆకు పచ్చదనమంతా గీకి, ఈనెలు మాత్రం మిగిల్చి, ఆకును వలలా చేసేది అక్షింతల పురుగు. ఆకు అడుగున పసుపుపచ్చ గుడ్లు గుంపుగా నిలబెట్టి పెడుతుంది. దాని పిల్లలు పసుపురంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటాయి. గుడ్లున్న ఆకు తుంచి నలిపేయాలి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు యాభై గ్రాముల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా చల్లాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అక్షింతల పురుగు అని మనం పిలిచేవి రెండున్నాయి. ఒకటి వంకాయను తినేది. దాని ఒళ్లు సన్నటి నూగుతో మసకగా ఉంటుంది, ఎక్కువగా ఇరవైఎనిమిది చుక్కలుంటాయి. రెండోది నిగనిగలాడుతూ ఉంటుంది, చుక్కలు తక్కువ. ఇది ఆకు ముట్టదు. చిక్కుడు మీది పేనుబంకను తిని బతుకుతుంది. పేరు ఒకటే అయినందుకు మన మిత్రుణ్ని మనమే నలిపేస్తున్నాం.

పేరు చూసి తీర్పు చెబితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1871లో తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల అన్నదమ్ములతో సహా ఎన్నో సంచార సమూహాల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. అది పూర్తిగా రద్దయింది 1952లో. కాబట్టి పిల్లలకు పురుగును చూపేటప్పుడు ముందు అది ఏం తింటోందో చూడమనండి. చంపాలా వద్దా అన్నది ఆ తర్వాత.

ఇప్పుడు మనం చేయగలిగింది

ఈ చరిత్ర ఎక్కువకాలం ఆగదు. మా తాండాలో తొలకరి రాత్రి సంగతి పూర్తిగా తెలిసినవాళ్లు ఇప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కుర్రవాళ్లు బెంగళూరులో సెంట్రింగ్ పనుల్లో ఉన్నారు. వాన ఎప్పుడు పడిందో వాళ్లకు ఫోన్లో తెలుస్తోంది. నూరేళ్ల కిందటే, 1914లో, కీటక శాస్త్రవేత్త బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత పురుగుల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. పురుగుల బొమ్మలు, లాటిన్ పేర్లు అందులో ఉన్నాయి. వాటిని పెరట్లో ఏరిన మన అవ్వల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

అందుకే ఉపాధ్యాయులకు మా మనవి. తొలి గట్టి వాన పడిన తేదీ, ఆ రాత్రి ఏ చెట్టు మీద ఎన్ని పురుగులు వాలాయి అన్నది పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. భాద్రపదంలో అదే పిల్లలు పక్క చేలో పది అడుగుల సాలులో ఎన్ని మొక్కలు వాడాయో లెక్కపెట్టాలి. ఐదేళ్లు రాస్తే అది మీ ఊరి చరిత్ర అవుతుంది, సైన్సు పాఠమూ అవుతుంది. పిల్లలను కిరసనాయిలు ముట్టనివ్వకండి. ఆ పని పెద్దవాళ్లది.

యువకులకు ఇంకో మాట. వేపచెట్టు నరకవద్దు. గట్టు మీద అది ఉంటే పురుగు అక్కడికి వస్తుంది, మనం అక్కడే పట్టుకుంటాం. జూన్, జూలైలో రాలే దాని పండ్లు ఏరి గింజ దాస్తే ఏడాదికి సరిపడా కషాయం. శనక్కాయ మానమని చెప్పడం లేదు. సాళ్ల మధ్య కంది, అనుము, అలసంద, గట్టు వెంట సజ్జ, జొన్న మళ్లీ వేయమంటున్నాం. రాష్ట్రంలో ప్రకృతి సేద్యం పేరుతో ఇప్పుడు చెబుతున్న నవధాన్యాల సాగు మన ముత్తాతల చేనుకు దగ్గరిదే.

శ్రావణంలో తీజ్ వస్తుంది. మన ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలను కాపాడతారు. చీమ పట్టకుండా, పురుగు ముట్టకుండా, ఎండ సోకకుండా చూసుకుంటారు. మొలక కాపలా అలా చిన్నప్పుడే నేర్పే జాతి మనది. దాన్ని తీజ్ బుట్ట దగ్గరే ఆపకుండా చేనుదాకా తీసుకుపోవాలి.

పోయిన ఏడాది రోహిణిలో వాన పడినప్పుడు మేము ఏడుగురం లాంతరు బదులు ఫోన్ లైట్లు పట్టుకుని గట్టు మీది వేపచెట్టు దగ్గరికి వెళ్లాం. మొదట అందరూ నవ్వారు. మూడో రాత్రికి పదహారుమంది అయ్యాం. తాండాలో ఇంకా నలభై ఇళ్లు ఉన్నాయి. ఈ రోహిణికి వాళ్లనూ పిలుస్తాం.